గోదావరి డెల్టా సరుకుకు ఆన్‌లైన్ దుకాణం: వాట్సాప్, పెద్ద వేదిక, సొంత సైటు – కొనేవారికి ఏది సులువు?

ఆత్రేయపురం పూతరేకులు, నరసాపురం అల్లిక లేసులు, కడియం మొక్కలు, బండారులంక చీరలు, ఊరూరా పట్టే ఆవకాయ, గోంగూర పచ్చళ్లు – గోదావరి డెల్టాలో తయారయ్యే ఇటువంటి సరుకును ఫోను మీద అమ్ముకోవాలని చూసే చిన్న వ్యాపారుల ముందు నేడు ప్రధానంగా మూడు దారులున్నాయి. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పెట్టి అమ్మడం ఒకటి, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి పెద్ద వేదికల్లో విక్రేతగా చేరడం రెండోది, సొంతంగా వెబ్‌సైటు కట్టించుకోవడం మూడోది. వీటిలో ఏది మేలన్న చర్చ సాధారణంగా అమ్మేవారి ఖర్చు దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతుంది. కమీషను ఎంత, నెలకు అద్దె ఎంత, సైటు చేసిపెట్టినవారికి ఎంత ఇచ్చుకోవాలి అన్న లెక్కలు తప్పక చూసుకోవలసినవే. అయితే కొనేవారిని ఇబ్బంది పెట్టే దుకాణం ఎంత చవకగా నడిచినా నష్టమే కాబట్టి, ఈ వ్యాసంలో మూడు దారులనూ కొనేవారి వైపు నుంచి పోల్చి, ఏ సరుకుకు ఏది తగునో చెప్పదలచాను.

డబ్బు కట్టేముందు ఎవరికైనా మనసులో కొన్ని ప్రశ్నలు మెదులుతాయి. ఇది నేను వెతుకుతున్న సరుకేనా? కొరియరు ఖర్చుతో కలిపి మొత్తం ఎంతవుతుంది? మా ఊరికి పంపుతారా, ఏ రోజుకు చేరుతుంది? విరిగి వస్తే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలకు ఎవరికీ ఫోను చేయనవసరం లేకుండా జవాబు దొరికే దుకాణమే సులువైన దుకాణం. హంగులు, కదిలే బొమ్మలు, తెరనిండా పరుచుకునే పండగ బ్యానర్లు ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు చెప్పవు. మూడు దారులనూ ఈ కొలతతోనే కొలుద్దాం.

వాట్సాప్ దుకాణం

కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోవడం దీనిలోని గొప్ప బలం. స్మార్ట్‌ఫోను వాడే ఇళ్లలో పెద్దవారికి కూడా వాట్సాప్‌లో మాట్లాడడం, ఫొటో చూడడం, వాయిస్ మెసేజ్ పెట్టడం అలవాటే. 2018లో మన దేశానికి వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఆ మరుసటి ఏడాది కేటలాగు, 2020 చివర్లో కార్టు (కొనదలచినవాటిని ఒకచోట చేర్చుకునే బుట్ట) సదుపాయం చేరాయి కాబట్టి, సరుకు ఫొటో, ధర, వివరం పెట్టి ఆర్డరు తీసుకోవడానికి విడిగా సైటు లేకపోయినా పని జరుగుతుంది. ‘బెల్లం పూతరేకులు నాలుగు పెట్టెలు, పంచదారవి రెండు, ఒకదానిలో జీడిపప్పు తగ్గించండి’ అని అడిగితే అర్థం చేసుకునే మనిషి అవతల ఉండడం ఏ సైటూ ఇవ్వలేని సౌలభ్యం.

ఇబ్బంది డబ్బు కట్టే దగ్గర మొదలవుతుంది. కొనేవారు యూపీఐలో డబ్బు పంపి, స్క్రీన్‌షాట్ పెట్టి, అది అందిందో లేదో తెలియక ఎదురుచూస్తారు. అమ్మేవారు రాత్రి పడుకుంటే జవాబు మర్నాటి దాకా రాదు. ఆర్డరు నంబరు ఉండదు, రసీదు ఉండదు, పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే లింకును కూడా అడిగి తీసుకోవాలి. కేటలాగులో ధర రాయకుండా ‘ధరకు మెసేజ్ చేయండి’ అని పెట్టే అలవాటు మరీ చెడ్డది. అడగడానికి మొహమాటపడేవారు అడగకుండానే వెళ్లిపోతారు, అలా వెళ్లిపోయినవారి సంగతి అమ్మేవారికి ఎప్పటికీ తెలియదు. రోజుకు ఒక మనిషి ఓపికగా జవాబు ఇవ్వగలిగినన్ని ఆర్డర్ల వరకు ఈ దారి చక్కగా నడుస్తుంది. సంక్రాంతి ముందు వారంలో ఆర్డర్లు ఒక్కసారిగా మీదపడితే, ఎవరికి పంపారో ఎవరికి పంపలేదో చాట్లు తిరగేసి వెతుక్కోవలసి వస్తుంది, ఆ ఆలస్యమంతా కొనేవారి నెత్తినే పడుతుంది.

పెద్ద వేదికలు

అమెజాన్ లేదా ఫ్లిప్‌కార్ట్‌లో కొనేవారికి దుకాణం కొత్త అయినా దారి పాతదే. చిరునామా ముందే దాచి ఉంటుంది, ఇష్టమైన పద్ధతిలో డబ్బు కట్టవచ్చు, చాలా సరుకులకు ఇంటి దగ్గరే డబ్బు ఇచ్చి తీసుకోవచ్చు, పిన్‌కోడు కొట్టగానే చేరే తేదీ కనిపిస్తుంది, ఇంతకుముందు కొన్నవారి అభిప్రాయాలు కింద ఉంటాయి. ఈ రెండు వేదికలూ 2020లోనే తెలుగులో చదువుకునే వీలు కల్పించాయి. పైన చెప్పిన ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు తయారుగా ఉన్న చోటు ఇదేనని ఒప్పుకోవాలి. పేరు తెలియని అమ్మకందారుకు తొలిసారి డబ్బు కట్టడానికి వెనుకాడేవారికి ఈ భరోసా చాలా విలువైనది.

అయితే ‘ఇది నేను వెతుకుతున్న సరుకేనా’ అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఈ దారి తడబడుతుంది. పూతరేకులని వెతికితే ఒకే తీరుగా కనిపించే పెట్టెలు వరసగా వస్తాయి. వాటిలో ఏవి ఆత్రేయపురంలో చుట్టినవో, ఏవి ఆ పేరు మాత్రమే పెట్టుకున్నవో తేల్చుకోవడం కొనేవారికి కష్టం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం అల్లిక లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక, ఆ గుర్తింపు కింద నమోదైన ఉత్పత్తిదారులు ఆ సంగతిని వివరణలో ఎక్కడో అడుగున కాకుండా రెండో ఫొటోలోనే చూపించడం మంచిది. మరో లోటు, కొన్నవారి ఫోను నంబరు అమ్మేవారికి మామూలుగా అందదు. ‘మీ మేడ మీద ఎండ తక్కువ అన్నారు కదా, ఈ మొక్క బదులు ఆ మొక్క పంపుతాను’ అని చెప్పే అవకాశం వేదికలో లేదు.

పన్ను సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 1 అక్టోబరు 2023 నుంచి జీఎస్టీ నమోదు లేని చిన్న అమ్మకందారులు కూడా ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని వేదికల ద్వారా సొంత రాష్ట్రంలో వస్తువులు అమ్ముకోవచ్చు. డెల్టా సరుకుకు పెద్ద గిరాకీ హైదరాబాదులో ఉంది, అది ఇప్పుడు వేరే రాష్ట్రం. పన్ను పడే వస్తువును రాష్ట్రం దాటించి అమ్మాలంటే సాధారణంగా నమోదు తప్పదు, చేతివృత్తుల వస్తువులకు కొన్ని మినహాయింపులున్నాయి. ఈ నియమం సొంత సైటులో అమ్మేవారికీ వర్తిస్తుంది కాబట్టి ఏ దారి పట్టినా ముందుగా ఆడిటరును ఒకసారి కలవండి.

ప్రభుత్వ ప్రోత్సాహంతో వచ్చిన ఓఎన్‌డీసీ, అంటే అమ్మేవారి, కొనేవారి వేర్వేరు యాప్‌లను కలిపే నెట్‌వర్కు, ద్వారా అమ్మడం నాలుగో దారి. అందులో కొనేవారి అనుభవం వారు వాడే యాప్‌ను బట్టి మారుతుంది గనుక, దానిని మొదటి దుకాణంగా కాక అదనపు దారిగా చూడమని నా సలహా.

సొంత సైటు: మేలూ కీడూ రెండూ మీ చేతిలోనే

సొంత సైటు బాగుంటే మిగిలిన రెండింటి కంటే సులువుగా ఉంటుంది, బాగుండకపోతే రెండింటి కంటే అధ్వానంగా తయారవుతుంది. ప్రతి అడుగూ మీరు నిర్ణయించేదే కావడం ఇందుకు కారణం. కాబట్టి సైటు కట్టించాలనుకునేవారు ముందుగా చూసుకోవలసిన విషయాలను కొంచెం వివరంగానే చెబుతాను.

అన్నిటికంటే ముందు కొరియరు ఖర్చు. ఆన్‌లైన్ దుకాణాల వాడకాన్ని ఏళ్ల తరబడి పరిశీలిస్తున్న బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాలను కలిపి సగటు తీస్తే, సరుకు వేసిన కార్టుల్లో దాదాపు 70 శాతం కొనకుండానే ఆగిపోతున్నట్టు తేలింది. మధ్యలో మానుకోవడానికి కొనేవారు చెప్పిన కారణాల్లో చివర్లో కలిసే అదనపు ఖర్చులు ముందు వరసలో ఉన్నాయి. డెల్టా సరుకుకు ఈ సమస్య మరింత ఎక్కువ. పూతరేకుల పెట్టె తేలికే గాని చోటు ఎక్కువ తీసుకుంటుంది, చాలా కొరియర్ సంస్థలు అసలు బరువును, పెట్టె కొలతలను బట్టి వచ్చే బరువును పోల్చి ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం ఎక్కువగా వాడే లెక్క. 30, 25, 15 సెంటీమీటర్ల అట్టపెట్టెకు 11,250ని 5,000తో భాగిస్తే 2.25 కిలోలు వస్తుంది. లోపల సరుకు కిలోయే ఉన్నా ఛార్జీ ఆ రెండుంపావు కిలోలకు పడుతుంది. ఈ లెక్క ముందే చూసుకోని అమ్మకందారు సరుకు ధరను తక్కువగా చూపి, చివరి తెరలో కొరియరు ఖర్చు కలిపేసరికి కొనేవారు మోసపోయినట్టు బాధపడతారు. సరుకు పేజీలోనే పిన్‌కోడు అడిగి మొత్తం ధర, చేరే తేదీ చూపడం సరైన పద్ధతి. అది కుదరకపోతే ఆంధ్ర, తెలంగాణలకు ఒక ధర, మిగతా దేశానికి ఒక ధర అని నిర్ణయించి సైటు పైభాగంలోనే రాసేయండి.

తరువాత చిరునామా రాసే చోటు చూడండి. అమలాపురం దగ్గరి పల్లెలో ఉన్న తల్లిదండ్రులకు కూతురు కానుక పంపుతోందనుకోండి. ఇంటి నంబరు 4-127/1 అని కొట్టగానే గీతలు, అడ్డగీతలు వాడరాదని ఎర్ర అక్షరాలు వస్తాయి. మన పల్లెల ఇంటి నంబర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి కదా. అది తీసి ఏదో రాసి ముందుకు వెళితే జిల్లాల జాబితాలో కోనసీమ కనిపించదు. 4 ఏప్రిల్ 2022న జిల్లాలు మారినా పాత జాబితాలే అతికించిన సైట్లు ఇంకా ఉన్నాయి. తూర్పు గోదావరి అని ఎంచుకుంటే పార్సిల్ చేరుతుందో లేదోనని సందేహం. ఆపైన ‘వీధి పేరు’ తప్పనిసరి అంటుంది, ఆ ఊళ్లో వీధికి పేరే లేదు. ఇక్కడ అమ్మాయి చేసిన తప్పు ఒక్కటీ లేదు. పిన్‌కోడు కొట్టగానే జిల్లా, రాష్ట్రం తామే నిండేలా చేసి, ఇంటి నంబరులో ఏ గుర్తునైనా అనుమతించి, ‘రామాలయం ఎదురుగా, వాటర్ ట్యాంకు పక్కన’ అని రాసుకోవడానికి గుర్తుల గడి ఒకటి పెడితే ఈ అవస్థ ఉండదు, డెలివరీ చేసే కుర్రాడికీ ఇల్లు త్వరగా దొరుకుతుంది.

ఆ కూతురు కువైట్‌లోనో డల్లాస్‌లోనో ఉందనుకుంటే మరో చిక్కు ఎదురవుతుంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లినవారు ఊళ్లో ఉన్న పెద్దలకు పండగ సరుకు పంపడం డెల్టా వ్యాపారంలో మామూలు సంగతి. పది అంకెల భారతీయ మొబైల్‌కు వచ్చే ఓటీపీతోనే లోపలికి రానిచ్చే సైటు వీరందరికీ తలుపు మూసినట్టే. ఖాతా తెరవకుండానే కొనే వీలు ఇవ్వండి, డబ్బు కట్టేవారి నంబరు, సరుకు అందుకునేవారి నంబరు విడివిడిగా అడగండి, విదేశీ కార్డు తీసుకునే చెల్లింపు సంస్థను ఎంచుకోండి.

డబ్బు కట్టే తెరలో క్యూఆర్ కోడ్ ఒక్కటే పెట్టిన సైట్లు కనిపిస్తుంటాయి. కొనేవారు ఆ సైటును ఫోనులోనే చూస్తూ ఉంటే అదే ఫోనుతో అదే తెరను స్కాన్ చేయలేరు, బొమ్మను దాచుకుని యాప్‌లోకి ఎక్కించుకోవాలి. ఫోనులో ఉన్న యూపీఐ యాప్ నేరుగా తెరుచుకునే బటన్ పెట్టించడం ఇప్పుడు సాధారణ విషయమే. చెల్లింపు మధ్యలో తెగిపోతే, డబ్బు కట్ అయిందా లేదా, ఆర్డరు నమోదైందా లేదా అన్నది తెలుగులో స్పష్టంగా చెప్పే తెర ఒకటి తప్పనిసరిగా ఉండాలి. కొనేవారు ఎక్కువగా కంగారుపడేది అక్కడే.

తెలుగు పేజీలు పెట్టడం మంచి ఆలోచన, పెడితే శ్రద్ధగా పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తులో చేసిన బటన్లలో తెలుగు రాస్తే కింది ఒత్తులు తెగిపోతాయి. బటన్ ఎత్తు, వరసల మధ్య ఎడం పెంచమని సైటు చేసేవారికి ముందే చెప్పాలి. ధరల పట్టికను ఒకే ఫొటోగా అతికిస్తే దానిని వెతకడం కుదరదు, చూపు మందగించినవారికి తెర చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా దానిని సరిగా చదవలేదు. లేత బంగారు రంగు మీద తెల్ల అక్షరాలు పెళ్లి పత్రిక మీద అందంగా ఉంటాయేమో గాని ఎండలో నిలబడి ఫోను చూసేవారికి కనపడవు. వెబ్ సౌలభ్యానికి అంతర్జాతీయంగా పాటించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఉండాలంటున్నాయి.

వెతుకుడు గడి కూడా మన అలవాట్లకు తగినట్టుండాలి. పూతరేకులను కొందరు తెలుగులో కలిపి, కొందరు విడదీసి రాస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లోనైతే ‘పూ’కు ఒకరు ఒకే యూ వాడితే మరొకరు రెండు ఓలు వాడతారు. ఈ రూపాలన్నీ సరుకు వివరాల్లో ముందే చేర్చకపోతే, ఎదురుగా సరుకు ఉన్నా ‘ఏమీ దొరకలేదు’ అన్న జవాబే వస్తుంది. అయినా పది పన్నెండు రకాలే అమ్మేవారికి వెతుకుడు గడి అవసరం లేదు, అన్నీ ఒకే పేజీలో కనిపిస్తే చాలు.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోవాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం దుకాణం చట్టబద్ధమైన పేరు, చిరునామా, సంప్రదించే వివరాలు, ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొని నిషేధించాయి. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును కార్టులో చేర్చడం, మొదట ఒక ధర చూపి చివర్లో పెంచడం వాటిలో ఉన్నాయి. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఎప్పుడూ కనిపించే పట్టీని అందంగా ఉందని పెట్టించుకునేవారు ఈ సంగతి గమనించాలి. తినుబండారాలు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరును సైటులో, తయారైన తేదీని, ఎన్నాళ్లు నిలవ ఉంటుందో పెట్టె మీద కనబడేలా పెట్టాలి.

ఏ సరుకుకు ఏది?

పూతరేకులు, కాజాలు వంటి మిఠాయిలకు నేను సొంత సైటునే సూచిస్తాను, పక్కనే వాట్సాప్ బటన్ ఉండాలి. రకాలు కొద్ది కాబట్టి సైటు చిన్నదే సరిపోతుంది, పేరును బట్టి వెతుక్కుంటూ వచ్చేవారే ఎక్కువ. విరిగి వస్తే ఏమి చేస్తారో రెండు వాక్యాల్లో ఆర్డరు బటన్ పక్కనే రాయండి. వానాకాలంలో వరద వచ్చి లంక ఊళ్లకు రాకపోకలు ఆగినప్పుడు ‘ఈ వారం పార్సిళ్లు ఆలస్యమవుతాయి’ అని పైన ఒక పట్టీ పెట్టడం సొంత సైటులో నిమిషం పని.

పచ్చళ్లకు, పొడులకు పెద్ద వేదిక అనువు. సీసా బలంగా ఉంటే ప్రయాణం తట్టుకుంటాయి, నిలవ ఉంటాయి, కొత్తవారు అభిప్రాయాలు చదివి కొంటారు. పేరు నిలదొక్కుకున్నాక సైటు ఆలోచించవచ్చు.

మొక్కలకు నా ఓటు వాట్సాప్‌కే. మొక్క ఎత్తు ఎంత, ఏ సంచిలో ఉంది, ఎండలో పెట్టాలా నీడలోనా, ఎన్ని రోజుల ప్రయాణం తట్టుకుంటుంది అన్న ప్రశ్నలు మాట్లాడితేనే తీరతాయి. కడియం నర్సరీలలో పంపే రోజు ఆ మొక్కనే కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీసి పంపితే కొనేవారికి అంతకుమించిన భరోసా ఉండదు. ధరలు మాత్రం కేటలాగులో రాసే ఉంచాలి.

లేసుల విషయంలో కొంత ఆలోచించాలి. బల్లమీది గుడ్డ గుండ్రమా, నలుచదరమా, ఎన్ని అంగుళాలు, తెలుపా మీగడ రంగా అన్నవి ఎంచుకునే ఫిల్టర్లు కావాలి కాబట్టి కేటలాగు చాలదు. యంత్రం అల్లిన చవక లేసుల పక్కన వేదికలో నిలబెడితే చేతి అల్లిక ధర కొనేవారికి అర్థం కాదు. దారం మందం, అల్లిక దగ్గరగా కనిపించే ఫొటో ఒకటి, మనిషి చేతిలో పట్టుకున్న ఫొటో ఒకటి, పగటి వెలుగులో తీసినవి, సొంత సైటులో పెట్టడమే సరైనది. చేనేత చీరలకూ ఇదే వర్తిస్తుంది. వాటికి అదనంగా కొంగు విప్పి చూపే చిన్న వీడియో ఉంటే రంగు గురించి వచ్చే వాపసులు తగ్గుతాయి.

ఏ దారి నిర్ణయించినా, తెరిచేముందు ఒక పరీక్ష చేయండి. మీ వ్యాపారంతో సంబంధం లేని ఒక పెద్దావిడ చేతికి ఆమె ఫోనునే ఇచ్చి, వైఫై ఆపి, ‘రెండు పెట్టెలు మీ చెల్లెలికి పంపండి’ అని చెప్పి, పక్కన కూర్చుని మౌనంగా చూడండి. ఆమె ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో, ఏ మాట రెండుసార్లు చదివిందో రాసుకోండి. మధ్యలో మీరు చెప్పబుద్ధి వేసిన ప్రతి మాటా సైటులో లేని మాటే.

సైటు చేసిపెట్టేవారితో ఒప్పందం రాసుకునేటప్పుడు డొమైన్ పేరు (సైటు చిరునామా) మీ పేరున, మీ ఈమెయిల్ మీద నమోదు చేయించుకోండి. చెల్లింపు ఖాతా, ఆర్డర్ల జాబితా, ఫొటోలు ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ చేతికి వచ్చేలా రాయించుకోండి. చేసినవారు పని మానేసిన రోజున పాత ఆర్డరు గురించి అడిగే కొనుగోలుదారుకు జవాబు చెప్పవలసింది మీరే.